ప్రార్థన అంశం

మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటకు దిండు తడిసిపోయేది. కఫం పరీక్ష చేయించి డాక్టరు టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు వాడాలి, మొదటి రెండు నెలలూ నాలుగు రకాలు. ఆ మాట వినగానే మా చర్చి సంఘంలోని ఒక సహోదరుడు గుర్తొచ్చాడు.

రెండేళ్ల క్రితం అతనికీ ఇదే జబ్బు. ఒకప్పుడు తాగేవాడు కాబట్టి మళ్లీ మొదలుపెట్టి ఉంటాడని నాకు నేనే తేల్చేసుకున్నాను. అతన్ని ఒక్క మాటైనా అడగలేదు. ప్రార్థన కూడికలో లేచి, "ఈ సహోదరుని కోసం భారంతో ప్రార్థించండి. దాచుకున్న పాపం ఒప్పుకుంటే దేవుడు స్వస్థపరుస్తాడు" అన్నాను. అతను వెనక వరసలో, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటున్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అతనూ అన్నాడు.

మందులు మొదలుపెట్టిన కొత్తలో వేరే గదిలో, కిటికీలు తెరుచుకుని ఉన్నాను. సంఘం నుంచి ఒకరు ఫోన్ చేసి, "మీ గురించి ప్రార్థించాం. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి బ్రదర్" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇది గాలిలో వచ్చే జబ్బు, అది ఉన్నవారెవరో దగ్గర్లో దగ్గితే సోకవచ్చు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి కన్నవాళ్లూ కాదని ప్రభువు చెప్పారు. ఆ భాగం నేను ఎన్నోసార్లు చదివి వినిపించినవాణ్ణే.

ప్రభువు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే మనిషి, చేసింది కూడా ప్రార్థనే. దేవుడి ఎదుట నిలబడి, దూరంగా ఉన్న సుంకరిని, అందరూ పాపిగా చూసే పన్ను వసూలుదారుణ్ణి, వేలెత్తి చూపించాడు. నేను చెప్పిన ప్రార్థన అంశం అచ్చం అలాంటిదే. తప్పును తప్పు అనకూడదని కాదు. ముందు నీ కంటిలోని దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుని కంటిలోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుందన్నారు ప్రభువు. కంట్లో నలుసు తీయాలంటే దగ్గరికి వెళ్లాలి, చెయ్యి మెత్తగా ఉండాలి. నేను అతని దగ్గరికి వెళ్లనే లేదు.

అతనే వచ్చాడు. వరండాలో కిటికీ అవతల కూర్చున్నాడు. మూత్రం ఎర్రగా వస్తోందని టెన్షన్ పడుతూ చెప్పాను. "ఆ మందుకు అంతే అన్నా, నాకూ అలాగే వచ్చేది. డోసు మాత్రం మానకండి" అన్నాడు. వాక్యం చెప్పలేదు, కారణం అడగలేదు. ఆ రాత్రి ఆ సుంకరిలా "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అనడం తప్ప నాకు వేరే ప్రార్థన రాలేదు. తర్వాత కిటికీలోంచే అతన్ని క్షమించమని అడిగాను. అతను తలూపి, మాత్రలు ఎన్ని మిగిలాయో చూడమన్నాడు.

కానీ నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. కోర్సు పూర్తయ్యాక, అదే కూడికలో లేచి, ఆ రోజు నేను తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పానని ఒప్పుకున్నాను. కాళ్లు వణికాయి. కూడిక ముగిశాక అతను నా దగ్గరికొచ్చి, "బరువు ఎంత పెరిగారన్నా?" అన్నాడు.

నాలుగు కిలోలు అని చెప్పాను.