ఉస్మానియాకు ముందున్న అఫ్జల్‌గంజ్ దవాఖానా

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాటలన్నీ ఆ గుమ్మటాల చుట్టూ, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చుట్టూ, పాత భవనాన్ని నిలబెట్టాలా పడగొట్టాలా అన్న వాదం చుట్టూ తిరుగుతాయి. అంతకుముందు అక్కడే మూసీ ఒడ్డున ఉండి, 1908 వరదలో నాశనమైన అఫ్జల్‌గంజ్ దవాఖానాకు ఆ కథలో ఒక్క వాక్యానికి మించి చోటు దొరకదు. వైద్యచరిత్ర మాటకొస్తే, నా దృష్టిలో అసలు చెప్పుకోదగ్గ అధ్యాయం ఆ పోయిన ఆసుపత్రిదే.

నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, బ్రిటిష్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) వైద్యుడు విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ ఆధ్వర్యంలో, తరువాత ఈ దవాఖానాతో కలిసి నడిచిన హైదరాబాదు వైద్య పాఠశాల మొదలైంది. తొలినాళ్లలో పాఠాలు ఉర్దూలోనే సాగేవి. ఆ తరువాత వచ్చిన అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరే ఈ పేటకూ, ఈ దవాఖానాకూ స్థిరపడింది.

1880లలో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా వచ్చాక ఇక్కడి పని లండన్ దాకా వినిపించింది. శస్త్రచికిత్సలో మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నదానిపై వైద్యలోకం రెండుగా చీలిపోయింది. ఎడిన్‌బరోలో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద అలవడిన పద్ధతిని నమ్మిన లారీ, నాడి చూడనక్కరలేదు, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు అనేవాడు. 1888లో నియమించిన మొదటి క్లోరోఫాం కమిషన్ ఆయన మాటనే బలపరిచింది. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక దాన్ని ఒప్పుకోకపోవడంతో, ఆ పత్రికే ఒక నిపుణుణ్ణి పంపాలని కోరుతూ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. తప్పుపట్టినవారినే ఖర్చు పెట్టి పిలిపించుకున్న ఆ ధీమా నాకు ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది. అలా 1889లో రెండో కమిషన్ కోసం వచ్చిన లాడర్ బ్రంటన్ గుండెకే ప్రమాదమన్న అభిప్రాయంతో దిగి, వందలాది జంతువులపై జరిగిన ప్రయోగాల తరువాత లారీ పక్షానికి మారిపోయాడు. అయితే ఆ నిర్ణయం నిలబడలేదు. తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో బ్రిటిష్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ చూపించాడు. కమిషన్ తేల్చిన సూత్రం తప్పే; కానీ మత్తు ఇచ్చేవాడి చూపు రోగి ఊపిరి మీద నుంచి కదలకూడదన్న క్రమశిక్షణ, మోతాదు మించకుండా కాపాడే మేరకు, పనికివచ్చేదే.

ఆ వాతావరణంలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పాఠశాలలో వైద్యం చదివి, క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరి, 1909లో పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమేనని చాలామంది అంటారు. ‘తొలి’ అన్న బిరుదు సంగతి ఎలా ఉన్నా, ఆ రోజుల్లో ఒక స్త్రీ ఆ పనినే వృత్తిగా చేసుకోవడం చిన్న విషయం కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నది ఒడ్డునే ఉన్న దవాఖానా, అందులోని రోగులు కూడా ఆ వరదకు బలయ్యారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఏటా ఆ చెట్టు దగ్గర జరిగే స్మరణ వల్ల ఈ ఒక్క ముక్క జనం నోట నిలిచింది. తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో వరదల అదుపుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, ఏడవ నిజాం హయాంలో కొత్త ఆసుపత్రి లేచింది.

2020 జులైలో వార్డుల్లోకి వాన నీరు చేరాక ఆ కొత్త ఆసుపత్రి పాత భవనాన్నీ మూసివేశారు. దాన్ని ఎప్పటికైనా బాగుచేసి చరిత్రకు కేటాయిస్తే, ఒక గదినైనా 1908కి ముందరి దవాఖానాకు ఇచ్చి, అందులో లారీ కమిషన్ నివేదికనూ, దాన్ని తప్పని తేల్చిన లెవీ పరిశోధననూ పక్కపక్కనే పెట్టాలని నా కోరిక.