ఒకే గగనతలం, ఇద్దరు పైలట్లు

రేడియో నియంత్రిత నమూనా విమానాల విన్యాస పోటీలో రెండు విమానాలు గాలిలో ఢీకొనడం ఈసారి కళ్ళారా చూశాను. చాలామంది దానికి అజాగ్రత్తే కారణమని భావించారు గానీ, నాకు మాత్రం కారణం పోటీ స్వరూపంలోనే ఉందనిపించింది. ఎఫ్3ఎ అనే ఈ విన్యాస పోటీల తరగతిలో పైలట్‌కు సుమారు 150 మీటర్ల దూరంలో, మధ్యరేఖకు ఇరువైపులా 60 డిగ్రీల పరిధిలో విన్యాసాలు చేయాలి. రెండు ఫ్లైట్ లైన్లు (పైలట్ నిలబడి విమానం ఎగరేసే స్థానాలు) ఒకేసారి నడిచినప్పుడు ఆ రెండు పరిధులు చాలావరకు ఒకదానిపై ఒకటి పడతాయి. విచిత్రమేమిటంటే, ఇద్దరూ దూరాన్ని ఎంత కచ్చితంగా పాటిస్తే విమానాలు అంత దగ్గరగా ఒకే తలంలోకి వస్తాయి.

అంత దూరంలో రెండు మీటర్ల రెక్కల విమానం ముందుందో వెనుకుందో మనిషి కన్ను నమ్మకంగా చెప్పలేదు. పైగా పైలట్ చూపు తన విమానం మీదనే ఉంటుంది. పక్కన నిలబడే సహాయకుడు తర్వాతి విన్యాసం పేరు చదువుతూనే రెండో విమానాన్ని కూడా గమనించాలి. (2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఒకరి సిగ్నల్ మరొకరి విమానానికి అడ్డుపడే ఫ్రీక్వెన్సీల గొడవ దాదాపు తీరింది, ఈ ఢీకొనే గొడవ మాత్రం తీరలేదు.) ఎదురెదురుగా వస్తే రెండింటి వేగాలూ కలుస్తాయి కనుక, హెచ్చరిక విని స్టిక్కు కదిపేలోపే అంతా ముగిసిపోతుంది.

టేకాఫ్‌ల మధ్య విరామం పెంచడం వల్ల పెద్ద ప్రయోజనం ఉంటుందని నేననుకోను. సమయం అనుమతిస్తే ఒకే లైను నడపడమే మేలు. అయితే పోటీదారులు ఎక్కువైనచోట నిర్వాహకులు అందుకు ఒప్పుకోవడం కష్టం.