తూటా ధర పెరిగితే ముందు తగ్గేది పిల్లల సాధన

గాల్లోకి లేచే పళ్ళేలను తుపాకీతో పగలగొట్టే ఆట ట్రాప్ షూటింగ్. అందులో ఒక రౌండ్ అంటే 25 పళ్ళేలు, 25 తూటాలు. పెట్టెలో కూడా సరిగ్గా 25 తూటాలే ఉంటాయి. పది పెట్టెలు కలిస్తే ఒక కేసు. కెనడాలో ఆల్బర్టా వైపు ఉండే మా తమ్ముడు 2019లో ఆ కేసును సుమారు 85 డాలర్లకు కొనేవాడు. 2025 వేసవిలో అదే రకానికి 140 డాలర్లు కట్టి, బిల్లు ఫోటో తీసి నాకు పంపాడు. నేను ఒడిశాలో రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ సెక్షన్‌లో చేస్తాను. బయటి దేశం సరుకు మా గేటు దాకా వచ్చేసరికి ఎంత పడుతుందో లెక్క కట్టడమే నా ఉద్యోగం. అందుకే వాడు, "అక్కా, ఇందులో సుంకం వాటా ఎంతో, షాపువాడి వాటా ఎంతో కాస్త తేల్చి చెప్పవే" అన్నాడు.

ఆ లెక్క వేస్తూ పోతే చాలా దూరం వెళ్ళింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా రాయగడ, కోరాపుట్ వైపు తుపాకీ అనగానే జనానికి గుర్తొచ్చేవి కొండల్లో కూంబింగ్, రోడ్డు మీద చెక్‌పోస్టు. తమ్ముడు కూతుర్ని తీసుకుని తుపాకీ పేల్చడానికి వెళ్తాడంటే మా అమ్మ మొదట్లో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్కడ అదొక ఆట, దానికి గట్టి పద్ధతి ఉంది. ముందు సేఫ్టీ కోర్సు చదివి పరీక్ష పాసవ్వాలి, తర్వాత పోలీసు విచారణ జరగాలి, అప్పుడు లైసెన్సు వస్తుంది. అది ఐదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు వేరే లైసెన్సు ఉంది. దాంతో తుపాకీ సొంతానికి కొనుక్కోవడం కుదరదు గానీ, పెద్దవాళ్ళది తీసుకుని సాధన చేయొచ్చు. దేశం మొత్తం మీద 20 లక్షల మందికి పైగా లైసెన్సుదారులున్నారు. మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు. భుజానికి తుపాకీ ఎత్తి "పుల్" అని అరిస్తే, ముందున్న గుంటలోని మిషన్ నుంచి అరచేతి వెడల్పు పళ్ళెం ఒకటి రివ్వున లేస్తుంది. సున్నపురాయి పొడి, పిచ్ కలిపి చేసిన ఆ పళ్ళేన్ని క్లే అంటారు. అది పగిలిందా, నల్లటి పొడి అయిపోతుంది. నాకు వీడియోలో చూస్తేనే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక లెక్క. అమెరికాలో 100 డాలర్లు పలికే సరుకు ఒకటి అనుకోండి. 2024 మొదట్లో ఒక అమెరికన్ డాలరుకు కెనడా డాలర్లు 1.34 దాకా ఇవ్వాల్సి వచ్చేది. అంటే సరుకు 134 పడేది. ఆల్బర్టాలో రాష్ట్ర పన్ను లేదు, కేంద్రం జీఎస్టీ 5 శాతమే. మొత్తం 141 అయ్యేది. 2025 మార్చికి డాలరు 1.44 దగ్గరికి చేరింది. సుంకం పడకముందే సరుకు 144 అయిపోయింది. ఆ నెల 4న అమెరికా కెనడా సరుకుల మీద 25 శాతం వేసింది. దానికి బదులుగా కెనడా అదే రోజు 3,000 కోట్ల డాలర్ల అమెరికా సరుకుల మీద 25 శాతం వేసింది. ఉక్కు, అల్యూమినియం మీద అమెరికా వేసిన సుంకానికి బదులుగా 13వ తేదీన ఇంకో 2,980 కోట్ల డాలర్ల సరుకు జాబితాకెక్కింది. అలా సుంకం పడిన సరుకైతే 144 మీద 25 శాతం కలిపి 180, జీఎస్టీతో 189. ఒక్క ఏడాదిలో 141 నుంచి 189కి పోయింది. ఇందులో రవాణా లేదు, షాపు లాభం లేదు.

షాపు లాభం దగ్గర నా ఉద్యోగం నేర్పిన సంగతి ఒకటి చెప్పాలి. షాపువాడు లాభాన్ని శాతంలో వేసుకుంటాడు. అంటే సుంకం మీద కూడా లాభం వేస్తాడు. దురాశ అనలేం, వాడి పెట్టుబడి నిజంగానే పెరిగింది. కానీ కొనేవాడి దగ్గరికి వచ్చేసరికి 25 శాతం అనేది 25 డాలర్ల దగ్గర ఆగదు, 40 దాటేస్తుంది.

అయితే 85 నుంచి 140కి పెరిగిందంతా సుంకం వల్లే అనుకుంటే తప్పు. ఆ పెరిగినదాంట్లో సగానికి పైగా 2025కి ముందే పెరిగింది. అదెలాగో తెలుసుకోవడానికి తమ్ముడిని ఒక పని చేయమన్నాను. వాడొక పాత తూటా విప్పి, లోపలివి ఒక్కొక్కటీ తెల్ల కాగితం మీద పరిచి వీడియో కాల్‌లో చూపించాడు.

బయట ఎర్రటి ప్లాస్టిక్ గొట్టం. దాని అడుగున ఇత్తడి పూత పూసిన ఇనుప టోపీ. టోపీ మధ్యలో బటన్‌లాంటి ప్రైమర్, దెబ్బ తగిలితే మందును వెలిగించేది అదే. లోపల చిటికెడు తుపాకీ మందు, గ్రాము పైచిలుకు ఉంటుందేమో, బూడిదరంగు పొరల్లా ఉంది. దాని మీద పువ్వులా విచ్చుకునే ప్లాస్టిక్ గిన్నె. ఆ గిన్నెలో 32 గ్రాముల సీసపు గుళ్ళు. ఒక్కో గుండు రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, నాలుగు వందల దాకా ఉంటాయట. తమ్ముడు కాగితం కొంచెం వంచితే అవి జారి మూలకు చేరి, మళ్ళీ విడిపోయాయి. లెక్కేస్తే కేసుకు ఎనిమిది కిలోల సీసం. ధరలో బరువు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది.

సీసం కెనడాలో లేనిదేం కాదు. బ్రిటిష్ కొలంబియాలో ట్రైల్ అనే ఊళ్ళో పెద్ద స్మెల్టర్ ఉంది. కానీ ఒట్టి సీసం మెత్తన, గొట్టంలోంచి దూసుకుపోయేటప్పుడు గుండు సొట్టపడి పక్కకు పోతుంది. గట్టిపడటానికి కొద్దిగా యాంటిమొనీ కలుపుతారు. ప్రపంచంలో యాంటిమొనీ ఎక్కువగా చైనా చేతిలో ఉంది. 2024 సెప్టెంబరు 15 నుంచి చైనా దాని ఎగుమతికి పర్మిట్లు పెట్టింది, డిసెంబరులో అమెరికాకు పూర్తిగా ఆపేసింది. ఆ ఒక్క ఏడాదిలోనే దాని ధర మూడు రెట్లు దాటింది. మా ఫ్యాక్టరీలో లోహాల ధరలు రోజూ చూస్తాం కాబట్టి ఆ గీత ఎలా పైకి లేచిందో నాకు బాగా గుర్తుంది.

మందు సంగతి నాకు ఇంకా దగ్గరగా తగిలింది. పొగ రాని తుపాకీ మందుకు మూలం నైట్రోసెల్యులోజ్, దానికి మూలం పత్తి. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది, దాన్ని లింటర్స్ అంటారు. ఆ నూగుతోనే నైట్రోసెల్యులోజ్ చేస్తారు. మా జిల్లా పత్తికి పేరుపడ్డది. దసరా దాటితే బిసంకటక్, గుణుపురం రోడ్ల మీద పత్తి బస్తాల ట్రాక్టర్లే ట్రాక్టర్లు. ఆ నూగుకు తుపాకీ మందుతో చుట్టరికం ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఫిరంగి గుళ్ళకు మందు కావాలి, టన్నుల కొద్దీ కావాలి. ఫ్యాక్టరీలు ముందు సైన్యాల ఆర్డర్లు చూసుకుంటాయి. ఆట కోసం కాల్చేవాళ్ళకు మిగిలిందే దక్కుతుంది. 2024 మొదట్లో అమెరికాలో ఫెడరల్, సీసీఐ తూటా బ్రాండ్ల అప్పటి యజమాని విస్టా అవుట్‌డోర్ మందు కొరత వల్ల ధరలు పెంచుతున్నామని డీలర్లకు రాసింది. కాల్చిన గొట్టాలు ఏరుకుని ఇంట్లోనే మళ్ళీ నింపుకునేవాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు. తమ్ముడి దగ్గర ఆ మిషన్ ఉంది. కానీ మందు, ప్రైమర్ ధరలు ఇలా ఉంటే నింపుకున్నా మిగిలేది అంతంత మాత్రమే అని ఇప్పుడు దాని మీద గుడ్డ కప్పేశాడు.

ఇన్ని మెట్లు ఎక్కాక చివర్లో సుంకం వచ్చి కూర్చుంది. అసలు భారం కింది మెట్ల దగ్గరే ఉందని నా అభిప్రాయం. కానీ సుంకం ఒక్క రాత్రిలో పడింది, అందుకే అందరి కంటికీ అదే ఆనింది.

పిస్టల్ వాళ్ళ కష్టం వేరు. 2022 అక్టోబరు 21 నుంచి కెనడాలో చేతి తుపాకుల అమ్మకాలు, బదిలీలు ఆగిపోయాయి. 2020 మే 1న దాదాపు 1,500 రకాల తుపాకుల్ని నిషేధించారు, 2024 డిసెంబరులో ఇంకో 324 చేర్చారు. చట్టాల మంచిచెడ్డల్లోకి నేను వెళ్ళను, గట్టి లైసెన్సు ఉండాలనే నా మాట. కాకపోతే తమ్ముడి క్లబ్బులో పిస్టల్ సభ్యులు తగ్గేసరికి రేంజి ఖర్చు మిగిలిన వాళ్ళ మీద పడింది. మెంబర్షిప్ పెరిగింది. దాని మీద తూటాలు, దాని మీద క్లేలు.

తమ్ముడిలాంటి వాళ్ళు సర్దుకుంటారు. నాలుగు రౌండ్ల బదులు రెండు కాలుస్తాడు, మిగతా టైమ్ టీ తాగుతూ కబుర్లు చెబుతాడు. పదిహేనేళ్ళుగా కాలుస్తున్న చెయ్యి అది, రెండు వారాలు మానినా మరిచిపోదు. నాకు బాధంతా పిల్లల గురించే. వాళ్ళ జూనియర్ బ్యాచ్‌లో ఒకప్పుడు పిల్లకు నాలుగు రౌండ్లు ఉండేవి, ఇప్పుడు రెండు. సగానికి సగం పోయిందనుకుంటాం గానీ, నేర్చుకునేవాళ్ళకు అంతకంటే ఎక్కువే పోతుంది. మొదటి రెండు రౌండ్లు ఒళ్ళు వేడెక్కడానికే సరిపోతాయి. మూడో రౌండ్లో భుజం అలిసి, తుపాకీ చెంప నుంచి కొంచెం జారడం మొదలవుతుంది. తప్పు ఎక్కడుందో కోచ్ కంట్లో పడేది అప్పుడే. ఆ మూడో రౌండే ఇప్పుడు లేదు.

ఇంకొకటి జరిగింది, అది నేను అసలు ఊహించలేదు. ఒక ఆదివారం పొద్దున (వాళ్ళకు శనివారం రాత్రి) మేనకోడలు ఫోన్‌లో, "అత్తా, ప్రతి మిస్‌కీ యాభై ఆరు సెంట్లు పోయినట్టు అనిపిస్తోంది" అంది. 140ని 250తో భాగించి చూశాను, సరిగ్గా యాభై ఆరే. పిల్ల లెక్క వేసి పెట్టుకుంది! నాన్న బిల్లులు చూసిందో, వంటింట్లో మాటలు విందో. ట్రాప్‌లో క్లే లేవగానే తుపాకీ దానితోపాటే కదలాలి, చూపు కుదిరిన క్షణంలో వేలు కదలాలి. ఇంకాస్త సరిచూసుకుందాం అని ఆగితే తుపాకీ కదలిక ఆగుతుంది, గుళ్ళు క్లే వెనకాల పోతాయి. డబ్బు పోతుందన్న టెన్షన్‌తో ఈ పిల్ల ప్రతిదానికీ ఆగి చూసుకుంటోంది, ఆగడం వల్లే మిస్ అవుతోంది, మిస్ అయినకొద్దీ ఇంకా ఆగుతోంది. కోచ్ కూడా ఇదే మాట చెప్పారట. ధర పెరగడం జేబు దగ్గర ఆగలేదు, వేలి దాకా వెళ్ళింది. అదే బ్యాచ్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు మంచి స్కోర్లు కొట్టేవారు. వాళ్ళిద్దరూ మానేశారు. ఒకే ఇంట్లో ఇద్దరికి తూటాలు కొనడం ఆ తల్లిదండ్రుల వల్ల కాలేదు.

ఇక్కడ మా అబ్బాయిది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. 2024 ఆగస్టు 1న ప్యారిస్ ఒలింపిక్స్ షూటింగ్‌లో స్వప్నిల్ కుసాలే కంచు పతకం గెలిచిన రోజు నుంచి పట్టుకున్నాడు. మేడ మీద పొడుగాటి వసారా చివర పెట్టె కట్టుకుని సాధన చేస్తాడు. ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్, అంటే అందులో వాడే గుండు, 4.5 మిల్లీమీటర్లది, అన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలి. మేము కొనే అలాంటివి జర్మనీ నుంచి వస్తాయి. 2025లో యూరో 100 రూపాయలు దాటింది, 500 పెల్లెట్ల డబ్బా మాకు రెండు వేలకు దగ్గరపడింది. ఒక పోటీకే 60 షాట్లు కావాలి. అందుకని మామూలు రోజుల్లో మనదేశం పెల్లెట్లు వాడి, జర్మనీ డబ్బా ఆదివారాలకు దాచుకుంటున్నాడు. దాంతో తొమ్మిది వచ్చినప్పుడు అది తన తప్పో పెల్లెట్ తప్పో వాడికి తెలియడం లేదు. అక్కడ మరదలు ఎందుకు ఆగిపోతోందో మా ఇంట్లో అందరికంటే ముందు అర్థమైంది వాడికే. "తూటాల డబ్బు లెక్క మామయ్య దగ్గర ఉండనీ, నువ్వు క్లే రంగు మాత్రమే చూడు" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

కెనడా 2025 సెప్టెంబరు 1 నుంచి చాలా అమెరికా సరుకుల మీద ఆ బదులు సుంకం ఎత్తేసింది. ఉక్కు, అల్యూమినియం, కార్ల మీద మాత్రం ఉంచింది. "మరి ధర దిగాలి కదా అక్కా" అన్నాడు తమ్ముడు. పాత రేటుకు కొన్న స్టాకు అయ్యేదాకా దిగదు, ఆగమన్నాను. ఆగాడు. కేసు మీద ఐదు డాలర్లు దిగింది. మందు, యాంటిమొనీ అలాగే ఉన్నాయి కదా, ఇంకెంత దిగుతుంది!

నా ఉద్దేశంలో క్లబ్బులు చేయగలిగింది ఒకటుంది. పెద్దవాళ్ళ రౌండ్ ఫీజుకు ఒక డాలరు కలిపి, ఆ డబ్బుతో పిల్లల మూడో రౌండ్‌ను నిలబెట్టాలి. తమ్ముడు ఇది మీటింగ్‌లో పెట్టాడు. కొందరు గొణిగినా చివరికి ఒప్పుకున్నారు, వచ్చే సీజన్ నుంచి అమలు. రేంజి మైదానంలో ఏళ్ళ తరబడి రాలిన సీసాన్ని జల్లెడ పట్టి అమ్మే కంపెనీలు అక్కడ ఉన్నాయి. వాళ్ళను పిలిపించి, వచ్చిన సొమ్ము కూడా జూనియర్లకే ఇవ్వాలని ఇంకొకాయన చెప్పారట. నాకు ఆ మాట చాలా నచ్చింది.

తూటాలు కేసుల లెక్కన షాపులో కొనకుండా, బ్యాచ్‌లోని తల్లిదండ్రులంతా కలిసి ప్యాలెట్ (చాలా కేసులు పేర్చిన చెక్క పీట) లెక్కన డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొంటే ఎంత పడుతుందో అడగమన్నాను. కొటేషన్ అడిగే ఫార్మాట్ నేనే తయారుచేసి పంపాను. రవాణా, పన్ను, డబ్బు కట్టే గడువు, అన్నీ విడివిడి గళ్ళలో రాయమని అందులో పెట్టాను. మొత్తం కలిపి ఒకే అంకె ఇస్తే ఎక్కడ బేరమాడాలో తెలియదు. ఇక్కడ మా వాడి డబ్బాలకూ అదే పని మొదలుపెట్టాను. విజయనగరంలో ఇద్దరు తల్లిదండ్రులు, పార్వతీపురంలో ఒకరు కలుస్తామన్నారు. బరంపురం నుంచి ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. రెండు కొటేషన్లూ రాగానే అంకెలతో సహా ఇక్కడ పెడతాను.