ఎయిలరాన్ తిప్పగానే సాల్వర్ ఎందుకు ఆగిపోతుంది

గుంటూరులో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతున్న మా పిన్ని కొడుకు మొన్న ల్యాప్‌టాప్ పట్టుకుని బెజవాడ వచ్చాడు. విమానం రెక్క చుట్టూ గాలి ఎలా పోతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ (సాల్వర్) కోసం మెష్, అంటే ఆ గాలిని చిన్న చిన్న గదులుగా (సెల్స్) విడగొట్టే వల, బ్రహ్మాండంగా వేశాడు. రెక్క వెనక అంచున పైకీ కిందికీ తిరిగే పలక, ఎయిలరాన్‌ని కదపనంతసేపూ లెక్క నడిచింది, తీరా తిప్పడం మొదలుపెట్టగానే నెగటివ్ వాల్యూమ్ అని ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. "క్రాక్ వెర్షన్ కదా అన్నయ్యా, అందుకేనేమో" అంటాడు.

క్రాక్ సంగతి తర్వాత. రెక్క ఉపరితలాన్ని అంటుకుని ఉండే సెల్స్ ఎంత పల్చనో చూడండి, మిల్లీమీటర్‌లో వందో వంతు మందం కూడా మామూలే. ఎయిలరాన్ తిరిగితే అవి ఒకవైపు నలిగి, ఇంకోవైపు సాగి, ఎక్కడో ఒక సెల్ లోపలిది బయటికి తిరగబడుతుంది, ఆ నెగటివ్ వాల్యూమ్ ఎర్రర్ దానిదే. మెష్ గీతల్ని స్ప్రింగులనుకుని సాగదీసే పద్ధతి చిన్న కదలికలకి చాలు గానీ, ఎయిలరాన్‌కీ రెక్కకీ మధ్య ఉండే సన్నటి సందులో అది నిలవదు.

అందుకే ఓవర్‌సెట్ గ్రిడ్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన విడివిడి మెష్‌లు. 1983లో పరిశోధకుడు స్టెగర్ బృందం దీన్ని కైమెరా పేరుతో రాసింది, నాసా ఓవర్‌ఫ్లో కోడ్ నడిచేది ఈ దారిలోనే. రెక్కకో గ్రిడ్, ఎయిలరాన్‌కో గ్రిడ్, ఒకదాని మీద ఒకటి. ఎయిలరాన్ తిరిగితే దాని గ్రిడ్ మొత్తం దాంతోపాటే తిరుగుతుంది, ఏ సెల్ ఆకారమూ మారదు. ఎయిలరాన్ ఒంట్లోకి వచ్చిపడిన రెక్క సెల్స్‌ని లెక్కలోంచి తీసేస్తారు, ఆ రంధ్రం అంచున ఉన్న పాయింట్లు అవతలి గ్రిడ్‌లోని డోనర్ సెల్స్ నుంచి విలువలు అరువు తెచ్చుకుంటాయి, కదలిక ఉన్నంతసేపూ ప్రతి టైమ్ స్టెప్‌కీ ఈ తతంగం మళ్ళీ మొదలు.

అసలు టెన్షన్ సందులోనే. అక్కడ సెల్స్ వరసలు చాలకపోతే డోనర్ దొరకని ఆర్ఫన్ పాయింట్లు మిగులుతాయి. పైగా ఇలా పక్క విలువల నుంచి అంచనా కట్టే మామూలు ఇంటర్‌పొలేషన్‌లో ద్రవ్యరాశి కచ్చితంగా నిలవదు, రెండు గ్రిడ్ల సెల్ సైజుల్లో తేడా పెరిగేకొద్దీ ఆ తప్పూ పెరుగుతుంది. ఈ గొడవంతా ఎందుకని సందు పూడ్చేసేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. కింది నుంచి పైకి ఆ సందులోంచి గాలి కారడం వల్లే ఎయిలరాన్ పట్టు కొంత తగ్గుతుంది, దాన్ని కీలు చుట్టూ తిప్పే గాలి బలం, అంటే హింజ్ మొమెంటూ మారుతుంది, పూడ్చేస్తే మీరు లెక్కగట్టేది వేరే రెక్కకి.

వాడికి చెప్పింది ఇదే: ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2017 నుంచి ఓవర్‌సెట్ ఉంది, ఉచితం, క్రాక్‌తో పనిలేదు. ముందు రెక్క మొత్తం వద్దు, దాని అడ్డుకోత, టూడీ సెక్షన్ చాలు. అంతకన్నా ముందు, వస్తువేదీ లేకుండా ఒకే వేగంతో వీచే గాలిలో ఉత్త గ్రిడ్‌ని తిప్పి చూడు, ప్రెజర్ ఎక్కడా మారకూడదు; కదిలిందా, తప్పు గ్రిడ్ లెక్కలోనే, రంగుల బొమ్మలు గైడ్‌కి చూపించకు.