అక్క లెక్కల పుస్తకం

1993 వినాయక నిమజ్జనం నాటికి నా బరువు 34 కిలోలు. వయసు ఇరవై నాలుగు. సోలాపూరు సివిల్ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో పడుకుని, కుడి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని సూదితో తీయించుకుంటున్నాను. క్షయ అన్నారు. మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తాత నల్గొండ జిల్లా నుంచి మగ్గం పట్టుకుని సోలాపూరు వచ్చాడు. నాన్న చద్దర్ల కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అమ్మా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. ఒకటే గది. నాన్న ఒంటి మీది దూది ధూళి, మా చేటలోని తంబాకు ధూళి అందులోనే. మా పేటలో దగ్గు వినిపించని ఇల్లు ఉంటే అది తాళం వేసిన ఇల్లే.

దాచడమెందుకు, తప్పు నాదే. ఏడాది ముందే మందులు మొదలుపెట్టారు. రెండు నెలలకు జ్వరం తగ్గింది, అన్నం రుచించింది, మాత్రలు మానేశాను. మూత్రం ఎర్రగా వస్తుంటే రక్తం పోతోందని భయపడ్డాను కూడా. అది రిఫాంపిసిన్ మాత్ర రంగు, ఏమీ కాదని చెప్పే ఉంటారు. నేను విని ఉండను.

అక్కను లాతూరు జిల్లా కిల్లారీలో ఇచ్చారు. బావది చిన్న బట్టల దుకాణం. సోలాపూరు చద్దర్లు, తువ్వాళ్లు తీసుకెళ్లి అమ్మేవాడు. లెక్కలు మాత్రం అక్కే రాసేది. వేసవిలో నేను అక్కడికి వెళ్లేదాన్ని, ఆ ఇంటి చల్లదనం కోసం. మట్టిలో గుండ్రాళ్లు పేర్చి కట్టిన వెడల్పాటి గోడలు, కలప దూలాల మీద మందంగా మట్టి పరిచిన కప్పు. బయట నిప్పులు కురుస్తున్నా లోపల నిద్ర పట్టేది. 1992 అక్టోబరులో అక్కడ భూమి కదిలినప్పుడు, గిన్నెలు వాటంతట అవే మోగాయని అక్క నవ్వుతూ చెప్పింది. కొన్నాళ్లు ఊరంతా బయట పడుకున్నారు. చలి ముదిరాక లోపలికి వెళ్లిపోయారు. దక్కన్ కింద ఉన్నది గట్టి రాయి, ఇక్కడ పెద్ద భూకంపాలు రావన్నది అప్పట్లో చదువుకున్నవాళ్ల మాట కూడా.

నిమజ్జనం డప్పులు, లేజిం చప్పుళ్లు అర్ధరాత్రి దాటాక ఆగాయి. తెల్లవారుజామున మంచం వణికింది. మళ్లీ చలిజ్వరం వచ్చిందనుకుని దుప్పటి బిగించుకున్నాను. పక్క మంచం మీద సెలైన్ సీసా ఊగుతుండటం చూశాక గానీ వణుకు నాది కాదని తెలియలేదు. 3 గంటల 56 నిమిషాలని తర్వాత అందరూ చెప్పారు. నిమజ్జనం చూసి వచ్చి, అలసి నిద్రపోయిన ఊళ్ల మీద ఇళ్లు కూలాయి. 52 గ్రామాలు నేలమట్టమయ్యాయి, పదివేల మందికి చేరువగా చనిపోయారు. ఆ రోజు మాకు వినిపించింది మాత్రం రేడియోలో ఒక్క పేరు: కిల్లారీ.

ఆ రోజే లారీలు రావడం మొదలైంది. ముఖాలు గుర్తు పట్టలేని మట్టి. చెవుల్లో, ముక్కుల్లో, పళ్ల మధ్య కూడా మట్టే. మమ్మల్ని ఎవరూ లేవమనలేదు. వార్డు చివర, మొన్ననే పురుడు పోసుకున్న ఒకామె బిడ్డను ఎత్తుకుని తన మంచం దిగింది. తర్వాత ఒక్కొక్కరమే దిగాం. నేను వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చిన ప్రతి స్ట్రెచర్ మీద అక్కను వెతికాను. నా దగ్గు వాళ్లకు అంటుతుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకునే.

నాన్న చద్దర్ల లారీ ఎక్కి వెళ్లాడు. కార్ఖానా సేటు గోదాము తాళం తీసి, లెక్క చూడకుండా ఎక్కించమన్నాడట. అంచులు ముడి వేయని చద్దర్లు కూడా వెళ్లాయి. రెండో రోజు వానలో తిరిగి వచ్చాడు, అక్కతో, ఎనిమిదేళ్ల పిల్లవాడితో. అక్కను సైనికులు తవ్వి తీశారు. కటి ఎముక విరిగింది. పిల్లవాడు చెక్క మంచం కింద ఉండిపోయి బతికాడు. బావ, చిన్నపాప లేరు. చితికి కట్టెలు చాలక ఇళ్ల ద్వారబంధాలే పేర్చారని నాన్న ఒక్కసారి చెప్పాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆసుపత్రి ఆవరణ ఆ వారం ఊరందరిదీ అయిపోయింది. రక్తం ఇచ్చేవాళ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆటోవాళ్లు డబ్బులు తీసుకోలేదు. ఒక మరాఠీ ముసలమ్మ రోజూ జొన్నరొట్టెలు, పల్లీల కారం గుడ్డలో మూటగట్టి తెచ్చి, ఎవరు ఏమిటని అడగకుండా పంచిపోయేది. ఇవ్వడంలోనూ కొందరు వింతగా ఉంటారు. పాత బట్టల మూటలు గుట్టలు పడ్డాయి. అక్కకు వచ్చిన మూటలో ఒంటి కాలి ఎత్తుమడమల చెప్పు ఒకటి ఉంది. తుంటి ఎముక విరిగిన మనిషికి! భూకంపం తర్వాత అక్క మొదటిసారి నవ్వింది దాన్ని చూసే.

అక్క ఏదీ చేత్తో అందుకునేది కాదు. "బట్టలు అమ్మినవాళ్లం చెల్లీ, అడుక్కునేవాళ్లం కాదు" అనేది. చివరికి నాన్నతో ఒక నోటు పుస్తకం తెప్పించి, తాను పడుకునే ఉండి, నా చేత రాయించింది. జమ: చద్దర్లు రెండు. స్టీలు గ్లాసు ఒకటి. రొట్టెలు, రోజుకు నాలుగు. రక్తం, రెండు సీసాలు. పేర్లు తెలియని చోట గీత గీయించింది. తీర్చాల్సిన అప్పు కదా, లెక్క ఉండాలి అంది. అప్పుడు గాని ఆ రొట్టె ముట్టలేదు.

ఎదుటి పేజీ నాది. నాకు మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఎనిమిది నెలల మందులు. మొదటి రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది. చెవుల్లో గుయ్యిమని మోత, నడిస్తే తూలు. మాత్రలు మింగితే కడుపులో తిప్పేది. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన అక్క, ఇంటికి వచ్చాక కూడా మంచం మీది నుంచే నా మాత్రలు లెక్కపెట్టేది. మింగాక నోరు తెరిచి చూపించాలి. ఒకరోజు విసిగిపోయి, చచ్చినా మింగనన్నాను. అక్క అరవలేదు. "పాపకు ఒక్క మాత్ర వేసే అవకాశం కూడా నాకు రాలేదు" అంది. మింగేశాను.

పుణె నుంచి భారతీయ జైన్ సంఘటన అనే సేవా సంస్థ వాళ్లు వచ్చారు. భూకంపం దెబ్బతిన్న ఊళ్ల పిల్లలను తీసుకెళ్లి చదివిస్తామన్నారు. అలా సుమారు 1,200 మందిని తీసుకెళ్లారు. అక్క మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు పిల్లవాడి బట్టలు మడతపెట్టింది. ఆ రాత్రి పుస్తకం అడిగి తానే రాసుకుంది. జమ: కొడుకు చదువు. పక్కన అంకె వేయలేదు.

1994 వేసవికి నా కళ్లె పరీక్షలో క్రిములు లేవు. బరువు 43. కుడివైపు ఊపిరితిత్తి పొర గట్టిపడి ఉండిపోయింది. ఇప్పటికీ మెట్లెక్కితే అక్కడ పట్టేస్తుంది. అక్క కర్ర సాయంతో నడిచింది. కొత్త కిల్లారీలో, భూమి లేనివాళ్ల కింద 250 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చారు. సిమెంటు కప్పు. చాలా ఏళ్లు ఆ ఇంట్లో సామాను పడుకుంది, అక్క బయట పడుకుంది.

2001 జనవరి 26న గుజరాత్‌లో భూమి కంపించింది. ఆ వారం అక్క సోలాపూరు వచ్చి కార్ఖానాకు వెళ్లి, తన డబ్బుతో రెండు చద్దర్లు కొని కచ్ఛ్‌కు వెళ్లే లారీలో వేయించింది. ఇంటికి వచ్చి పుస్తకం తీసింది. 'చద్దర్లు రెండు' మీద అడ్డగీత కొట్టింది. రొట్టెల దగ్గర ఆగింది. పేజీ తిప్పి నా మాత్రల వరుసలు చూసి, ఇవి ఎవరివని అడిగింది.

"సర్కారువక్కా, ఉచితం."

"ఉచితమైతే జమ కాదా?" అని కళ్లజోడు సవరించుకుంది. "ఉండనీ. రొట్టెలూ ఉండనీ."