ఐరన్ మాత్రలో ఇనుము: రెండుసార్లు రాసిన నా ల్యాబ్ రిపోర్టు

బీఎస్సీ చివరి ఏడాదిలో నాకు వచ్చిన ప్రయోగం, గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుము ఎంత ఉందో రంగు ఆధారంగా కొలవడం. స్ట్రిప్ మీద 60 మిల్లీగ్రాములని ఉంది. మాత్రను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేసి, వడగట్టి, ద్రావణాన్ని 250 మిల్లీలీటర్లకు చేర్చి, అందులో ఒక మిల్లీలీటరు 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులోకి తీసుకున్నాను. దానికి వరుసగా హైడ్రాక్సిలమీన్, ఫినాంత్రోలిన్, సోడియం ఎసిటేట్ కలపాలి. ద్రావణంలో ఇనుము ఫెర్రిక్, ఫెర్రస్ అనే రెండు రూపాల్లో ఉండవచ్చు. మొదటిది ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది, రెండోది ఆ ఫెర్రస్ ఇనుముతో కలిసి నారింజ రంగు ఇస్తుంది, మూడోది ఆమ్లత్వాన్ని సరిచేస్తుంది.

పోల్చడానికి, ఇనుము ఎంత ఉందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణాలను మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్)తో చేసి, వాటికీ అలాగే రంగు తెప్పించాను. లీటరు నీటిలో 0.702 గ్రాముల లవణం ఉంటే 100 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్టు. దాన్ని పలుచన చేసి, 510 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో (శోషణ) రీడింగులు తీసి గ్రాఫు గీస్తే చక్కని సరళరేఖ వచ్చింది. లీటరుకు ప్రతి మిల్లీగ్రాముకూ శోషణ విలువ 0.199 పెరిగింది. నమూనా మాత్రం 0.31 చూపింది. లెక్క వేస్తే మాత్రకు 39 మిల్లీగ్రాములే. "మానవ తప్పిదం వల్ల విలువ తగ్గి ఉండవచ్చు" అని రాసి రిపోర్టు ఇచ్చేశాను.

మర్నాడు మేడమ్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, "ఏ తప్పిదం? అది విలువను పెంచుతుందా, తగ్గిస్తుందా?" అని పక్కన రాసి తిరిగి ఇచ్చారు. ఆ ప్రశ్న నన్ను నిలబెట్టేసింది. వడకాగితం మీద ఇనుము మిగిలిపోయిందా, పిపెట్ సరిగా నింపలేదా అని ఒక్కొక్కటే ఆలోచిస్తూ అబ్జర్వేషన్ బుక్ తిరగేస్తుంటే, అంచున రాసుకున్న సమయాలు కనిపించాయి. స్టాండర్డ్‌లు 10:40కి కలిపి 11:20కి చదివాను. నమూనాను 11:25కి కలిపి 11:28కే చదివేశాను. మోర్ లవణంలోని ఇనుము మొదటి నుంచీ ఫెర్రస్ రూపంలోనే ఉంటుంది కాబట్టి దానికి రంగు త్వరగా వస్తుంది. మాత్రలోని ఇనుములో కొంత అప్పటికే ఫెర్రిక్‌గా మారి ఉంటే, దాన్ని వెనక్కి తేవడానికి హైడ్రాక్సిలమీన్‌కు నేనిచ్చిన మూడు నిమిషాలు చాలవు.

అదృష్టవశాత్తూ ఆ ఫ్లాస్కు ఇంకా ర్యాక్‌లోనే ఉంది. తెల్ల కాగితం ముందు, లీటరుకు 2 మిల్లీగ్రాముల స్టాండర్డ్ పక్కన పెట్టి చూశాను. ముందు రోజు దానికంటే లేతగా ఉన్న ద్రావణం ఇప్పుడు దానికంటే ముదురుగా ఉంది. మళ్లీ చదివితే 0.46, అంటే మాత్రకు దాదాపు 58 మిల్లీగ్రాములు.

రెండో రిపోర్టు పట్టికలో పాత విలువను కొట్టివేయకుండా రెండు రీడింగులనూ వాటి సమయాలతో సహా ఉంచాను. చర్చ భాగంలో పాత వాక్యం తీసేసి, "రంగు పూర్తిగా ఏర్పడక ముందే చదవడం వల్ల మొదటి విలువ తక్కువగా వచ్చింది, అదే ద్రావణాన్ని మర్నాడు చదవగా శోషణ 0.31 నుంచి 0.46కు పెరిగింది" అని రాశాను.