పులిగారూ, భోజనం అయిందా?

ఆదివారం, రాజురా

మే నెలలో మాకు పగలు పదకొండింటికే అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా ఎండ ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. పొద్దున్నే జొన్నరొట్టెలు, పప్పు చేసి పొయ్యి కట్టేశాను. కూలర్‌లో నీళ్లు నింపి, దాని ముందు చాప వేసి, రంగుల డబ్బా తీసుకుని కూర్చున్నాను.

నేనొక బొమ్మల పుస్తకం గీస్తున్నాను. పాప కోసం మొదలుపెట్టిన పని. మా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలుగే, బడిలో మరాఠీ. పాప తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. అందుకే పేజీకి ఒకటే వాక్యం, పెద్ద పెద్ద అక్షరాలు, మిగతాదంతా బొమ్మ.

కథ అత్తమ్మ దగ్గర దొరికింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చుంటే ఆమెకు నచ్చదు. సుద్దముక్కతో గచ్చు మీద పులి-మేక గీస్తుంది. ఒక కోణం, దాని కొన నుంచి కిందికి గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ ఇంకొన్ని గీతలు. మొత్తం 23 చుక్కలు. 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మేక దూకలేదు, ఒక్కో అడుగే వేస్తుంది. పులి మాత్రం మేక మీంచి అవతలి చుక్కలోకి దూకి దాన్ని తినేస్తుంది. అయితే ఆ అవతలి చుక్క ఖాళీగా ఉండాలి. మేక వెనక ఇంకో మేక నిలబడి ఉంటే పులికి దూకే దారి లేదు. ఆటంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. మేకలు పులిని చంపవు, చంపలేవు కూడా. చుట్టూ నిలబడి దానికి కదిలే చోటు లేకుండా చేస్తాయి. అత్తమ్మ మేకలు తీసుకుందంటే మా ఆయన కూడా గెలవలేడు.

నా పుస్తకంలో ఒకటే పులి. మేకలు మాత్రం పదిహేనూ ఉన్నాయి. ప్రతి మేక మెడలో ఒక గంట.

ఇలాంటి పుస్తకానికి ప్రాణం పేజీ తిప్పే చోట ఉంటుందని గీస్తూ గీస్తూ తెలుసుకున్నాను. బొమ్మల పుస్తకాలు చాలావాటికి 32 పేజీలుంటాయి. అది అచ్చు లెక్క, పెద్ద కాగితాన్ని మడిస్తే 16 పేజీలు, అలాంటి మడతలు రెండు. నాకు అచ్చు వేయించే ఉద్దేశం లేకపోయినా ఆ లెక్కే పెట్టుకున్నాను, కథ సాగకుండా అది బాగా పట్టి ఉంచుతుంది. కుడిచేతి పేజీలో పులి మర్యాదగా చేతులు జోడించి నిలబడుతుంది. "పులిగారు ఇవాళ ఒక్కరినే పలకరించి వెళ్తామన్నారు" అని ఉంటుంది. తిప్పితే ఎడమ పేజీలో గడ్డి మీద ఒక గంట. అక్కడ మాటలేమీ లేవు. మళ్లీ "పులిగారికి కడుపు నిండింది, అందరూ క్షేమం" అని వాక్యం, పక్కన నిలబడ్డ మేకలు పద్నాలుగే. మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకొకటి చూపిస్తుంది. మధ్యలో ఉన్న సంగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు పాప వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టి నోరు తెరిచింది. ఆ తర్వాత పడీ పడీ నవ్వింది. వెంటనే భయపడి నా ఒళ్లోకి జరిగింది కూడా. ఆ రెండూ ఒకేసారి రావాలనే నా తాపత్రయమంతా.

మా పక్కింటి మరాఠీ ఆవిడ, మేం కాకూ (పిన్ని) అని పిలుస్తాం, ఆమె మాత్రం ముఖం చిట్లించింది. పిల్లల పుస్తకంలో మేకలు చచ్చిపోవడమేమిటి, అన్నీ చివరికి పులి కడుపులోంచి బయటికొచ్చినట్టు రాయొచ్చు కదా అంది. నేను ఒప్పుకోలేదు. మన పాత కథలేవీ అంత మెత్తవి కావు. చెరువు ఎండిపోతుందని చెప్పి కొంగ చేపల్ని ఒక్కొక్కటిగా మోసుకెళ్లి బండ మీద తిన్న కథ తీసుకోండి. ఎండ్రకాయ పై నుంచి చూసేసరికి కింద ఎముకల కుప్ప. అప్పుడే కదా దానికి సంగతి తెలిసింది. ఆ ఎముకలు తీసేస్తే ఎండ్రకాయ కొంగ మెడ ఎందుకు కొరికిందో ఏ పిల్లకు అర్థమవుతుంది? కాకూ వాళ్ల మరాఠీ కథలోనూ అంతే. కూతురి ఇంటికి వెళ్లొచ్చి బాగా లావయ్యాక తిందువులే అని ముసలమ్మ పులితో బేరమాడుతుంది. తిరిగొచ్చేటప్పుడు గుమ్మడికాయలో కూర్చుని పులి ముందు నుంచే దొర్లుకుంటూ పోతుంది. ఈ ఊళ్లో ప్రతి పిల్లకూ తెలిసిన కథ. తనను తినేటప్పటికి ఇంకా రుచిగా ఉంటానని ఒక ముసలమ్మ పులికి నచ్చజెప్పడం ఎంత భయంకరమైన మాటో ఆలోచించండి. పిల్లలు అందుకే అంత గట్టిగా నవ్వుతారు.

సింహం, కుందేలు కథలో నన్ను చిన్నప్పటి నుంచీ కుదురుగా ఉండనివ్వనిది ఒకటుంది. రోజుకో జంతువు చొప్పున సింహం దగ్గరికి వెళ్లాలని అడవిలో వంతులు వేసుకున్నారు. కుందేలు ఆలస్యంగా వెళ్లింది, బావి చూపించింది, నీడను చూసి సింహం దూకింది. అందరూ కుందేలును మెచ్చుకుంటారు. మరి దానికంటే ముందు వంతు వచ్చినవాళ్ల సంగతి? ముందురోజు వెళ్లింది ఏ జింకో, ఏ అడవిపందో. వాటికి ఉపాయం తట్టలేదు. అవి వెళ్లాయి, అంతే. వాటి పేరు ఎవరూ ఎత్తరు. తెలివైనవాళ్ల కథలో తెలివి తట్టకముందు పోయినవాళ్లకు ఒక్క పేజీ అయినా ఉండాలి. ఈ పుస్తకం గీయడానికి అసలు కారణం అదే.

ఇంతలో మా బావగారి కొడుకు నిద్రలేచాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు. విరూర్ వైపు అడవి అంచున వాళ్ల ఊరు. సెలవులకు మా ఇంట్లో ఉంటున్నాడు. పోయిన ఏడాది వేసవిలో వాళ్ల తాత, అంటే మా అత్తమ్మకు మరిది వరస, వాగు దగ్గర మేకలు కాస్తూ పులి దాడిలో పోయాడు. అప్పటి నుంచి వాడి ముందు పెద్దవాళ్లెవరూ పులి అనరు. ఊళ్లో మామూలుగానే 'అది' అంటారు, 'పెద్దది' అంటారు. అడవి దారిలో పులి దేవుడు వాఘోబా రాయికి మొక్కి ముందుకు నడుస్తారు. తునికాకు కోతకు గుంపులుగా వెళ్తారు, విడిగా ఎవర్నీ పోనివ్వరు. అయినా ప్రతి ఏడాదీ ఈ జిల్లాలో తునికాకుకో, ఇప్పపువ్వు ఏరడానికో తెల్లవారుజామున వెళ్లి తిరిగి రానివాళ్లు ఉంటూనే ఉన్నారు. ఆకు కోయాలంటే వంగాలి. వంగిన మనిషి వెనక నుంచి చూస్తే నాలుగు కాళ్ల జంతువులా ఉంటాడని అడవి వాళ్లు చెబుతారు.

2020లో మా రాజురా అడవుల్లో ఆర్‌టీ-1 అని పేరు పెట్టిన పులి తిరిగినప్పుడు నేనూ ఆ భయం చూశాను. పత్తి చేలల్లో పనికి మనుషులు దొరకలేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో దాన్ని బోనులో పట్టి నాగ్‌పూర్ దగ్గరి గోరేవాడా జంతు సంరక్షణ కేంద్రానికి పంపాకే జనం ఊపిరి పీల్చుకున్నారు.

వాడు చాప మీద కూర్చుని, పుస్తకం ముందుకు లాక్కున్నాడు. కాకూ నా వైపు చూసింది. ఆ పిల్లాడి ముందు ఈ కథ వద్దని ఆమె కళ్లలోనే ఉంది. నేను పుస్తకం తీసుకోలేదు. పులి మాటను ఇంట్లో ఎంత దాచినా, రాత్రి బయటికి వెళ్లాలంటే వాడు అత్తమ్మ కొంగు పట్టుకునే వెళ్తున్నాడు. మేం నోరు మూసుకున్నందుకు వాడి భయం తగ్గలేదు. దాన్ని వాడు ఒక్కడే మోస్తున్నాడు.

మొదటి పేజీ నుంచి నేనే చదివాను. వాడు నవ్వలేదు. చాలాసేపు బొమ్మలు చూశాడు.

"చిన్నమ్మా, అది ఇట్ల ముందు నుంచి రాదు," అన్నాడు. "మాట్లాడదు కూడా. ఎనక నుంచి వస్తది."

ఆ మాటతో కూలర్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అత్తమ్మ సుద్దముక్క కింద పెట్టేసింది. నేను మాత్రం నిజం చెప్పాను, వాడు అన్నది సరైనదే అని. సుందర్‌బన్స్ అడవుల్లో తేనె తీయడానికి వెళ్లేవాళ్లు 1980లలో తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకునేవారని కూడా చెప్పాను. చూస్తున్న ముఖం మీదికి పులి సాధారణంగా రాదని వాళ్ల లెక్క. కొంతకాలం అది పనిచేసింది కూడా. వాడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. "మరి మేకలకు కూడా పెట్టు," అన్నాడు.

అంతే, పాప పెన్సిల్ తీసుకుంది. ఒక మేక వెనక భాగంలో కళ్లు, ముక్కు, కోపంగా ఉన్న కనుబొమలు వచ్చేశాయి. తోక ఆ ముఖానికి నాలుకలా వేలాడుతోంది. వాడు అప్పుడు నవ్వాడు. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపు పట్టుకుని. పులి వెనక నుంచి మెల్లగా వస్తుంది, మేక వెనక భాగం దాన్ని గుర్రుగా చూస్తుంది, పులి తడబడి నమస్కారం పెడుతుంది. ఆ బొమ్మ వాడే చెప్పాడు, నేను గీశాను. ఇప్పుడు ప్రతి పేజీలోనూ ఒక మేక వెనక్కి తిరిగి కాపలా ఉంది. నేను ఒక్కదాన్నే ఎన్నాళ్లు కూర్చున్నా నాకు తట్టేది కాదు.

అక్కడి నుంచి కథ జోరందుకుంది. ముసలి మేక అందరినీ గీతల మీద ఇద్దరిద్దరుగా నిలబెట్టడం, పులి దూకబోయి రెండో మేక కొమ్ములకు ముక్కు కొట్టుకోవడం, ఆఖరికి పంజా పెట్టడానికి కూడా చోటు లేక మధ్యలో నిలబడిపోవడం. మేకలన్నీ వినయంగా తల వంచి "పులిగారూ, భోజనం అయిందా?" అని అడుగుతాయి. అత్తమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది.

చివరి పేజీ దగ్గర గొడవ వచ్చింది. ఆటలో లాగే పులిని అక్కడే కట్టేసి వదిలేయమని అత్తమ్మ. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గోరేవాడాకు తీసుకుపోతారని పాప. మేకలు ఫోన్ ఎట్లా చేస్తాయని అత్తమ్మ అడిగితే, పులి మాట్లాడగా లేనిది అని ఎదురు ప్రశ్న. ఇంతలో కరెంటు పోయింది. కూలర్ ఆగింది. అందరం విసనకర్రలు, పాత నోటుబుక్కులు పట్టుకుని వాదన కొనసాగించాం.

వాడు మాత్రం గడ్డి మీద గంట ఉన్న పేజీ దగ్గరే ఉన్నాడు. "ఈ గంటలు ఏం జేసిన్రు?" అని అడిగాడు.

నేను ఆ సంగతి ఆలోచించనే లేదని చెప్పాను.

"మా తాత పోయిన్నాడు మేకలు వాటికవే ఇంటికొచ్చినయ్," అన్నాడు. "గంటలు ఇనబడ్డయ్. తాత వచ్చిండనుకున్నం."

ఆ రోజు గురించి వాడు నోరు విప్పడం మా ఇంట్లో ఇదే మొదలు. అత్తమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసింది, ఏమీ అనలేదు. వాడు కూడా ఏడవలేదు. పుస్తకం మీద నుంచి కళ్లు ఎత్తకుండానే, "ఇవి పులి మెడకు కట్టాలె," అన్నాడు.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నది పాత చిక్కే. కానీ ఇక్కడ పులి కదల్లేదు కదా, ఎవరైనా కట్టొచ్చు అని అత్తమ్మే తీర్పు చెప్పింది. తినబడ్డ మేకల గంటలన్నీ పులి మెడకు. ఇక అది ఎటు వెళ్లినా ముందే చప్పుడు. జింకలకు వినబడుతుంది, అడవిపందులకు వినబడుతుంది, వాగు దగ్గర మేకలు కాసే మనిషికీ వినబడుతుంది.

"అయ్యో, అట్లయితే దానికి తిండి ఎట్లా దొరుకుతుంది? ఆకలితో చచ్చిపోదూ?" అంది కాకూ మరాఠీలో, నిజంగానే జాలిపడుతూ.

"పోతది," అన్నాడు వాడు, గ్లాసులో మజ్జిగ తాగుతూ.

ముందు నవ్వింది అత్తమ్మ. తర్వాత కాకూ కూడా ఆపుకోలేకపోయింది.

పాపకు ఇప్పుడు ఏ గంట ఏ మేకదో గుర్తులు కావాలట. నల్లమేక గంటకు ఎర్ర దారం, కుంటిమేక గంటకు పగులు, అందరికంటే చిన్నదాని గంట మధ్యలో. తిన్నది ఐదుగురిని. పొద్దున చల్లగా ఉన్నప్పుడే లేచి పులి మెడ ఇంకొంచెం పొడుగ్గా గీయాలి, ఐదు గంటలూ పట్టాలి కదా.